ఎత్తిన గొర్రు తనంతట తానే ఎందుకు దిగుతుంది?

చేలల్లో దున్నే పాత ట్రాక్టర్‌ను గమనించారా? గొర్రు ఎత్తి ఇంజన్ ఆపితే, కాసేపటికి అది మెల్లగా నేలకు దిగిపోతుంది. కింద ఒక్క ఆయిల్ చుక్కా ఉండదు! మరి ఏం కారింది?

గొర్రును మోసేది ఆయిలే. పంపు దాన్ని సిలిండర్‌లోకి తోస్తే పిస్టన్ కదిలి లిఫ్టు చేతుల్ని లేపుతుంది. వాల్వు మూసుకుని ఆయిల్‌ను అక్కడే ఆపేస్తుంది. సైకిల్ పంపులో వాషర్ అరిగితే గాలి పక్కనుంచి జారిపోదూ? అలాగే పిస్టన్ రబ్బరు రింగు అరిగినా, వాల్వులో నలుసు ఇరుక్కున్నా ఆయిల్ తప్పించుకుంటుంది. చాలా ట్రాక్టర్లలో సిలిండర్ ఆయిల్ పెట్టె లోపలే ఉంటుంది కాబట్టి, కారింది మళ్లీ అందులోకే చేరుతుంది.

ఇంజన్ నడుస్తుంటే ఇంకో తమాషా: దిగబోయిన గొర్రును పంపు మళ్లీ లేపుతుంది, అది ఆగకుండా ఊగుతుంది. బయట ఆయిల్ మరకుంటే మాత్రం సీళ్లూ పైపు బిగింపులూ చూడాలి. ఏదైనా సరే, ఎత్తిన గొర్రు కిందకి దూరకండి!