వెయ్యి డాలర్ల కారు... వెలకట్టలేని చరిత్ర!

ఫెరారీకి చెమటలు పట్టించింది. ఉప్పు ఎడారిలో రికార్డులు బద్దలుకొట్టింది. ఆ తర్వాత వెయ్యి డాలర్లకు అమ్ముడుపోయింది. మూడు దశాబ్దాలపాటు ఓ చీకటి గదిలో దుమ్ముకొట్టుకుపోయింది. చివరికి అమెరికా జాతీయ చారిత్రక వాహనాల జాబితాలో మొట్టమొదటి పేరుగా నిలిచింది. సినిమా కథను తలపించే ఈ ప్రయాణం ఓ నీలిరంగు కారుది. పేరు షెల్బీ కోబ్రా డేటోనా కూపే. నంబరు సీఎస్ఎక్స్ 2287.

కోళ్లఫారం నుంచి...

కరోల్ షెల్బీది టెక్సాస్. కోళ్లఫారం పెట్టి దివాలా తీశాక కార్ల రేసుల్లోకి వచ్చాడు. 1959లో ఫ్రాన్స్‌లో జరిగిన ప్రతిష్ఠాత్మక లెమాన్స్ 24 గంటల రేసును రాయ్ సాల్వడోరితో కలిసి గెలిచాడు. కానీ గుండెజబ్బు అతన్ని ఎక్కువకాలం స్టీరింగ్ పట్టనివ్వలేదు. మరుసటి ఏడాదే రేసులకు స్వస్తి చెప్పాడు. 'నడపలేకపోతేనేం, తయారుచేద్దాం' అనుకున్నాడు. బ్రిటన్‌లోని ఏసీ కంపెనీ నుంచి తేలికపాటి కారు తెప్పించి, అందులో ఫోర్డ్ వారి బలమైన వీ8 ఇంజిన్ బిగించాడు. అలా 1962లో పుట్టిందే కోబ్రా.

మలుపులు ఎక్కువగా ఉండే అమెరికా ట్రాకుల మీద కోబ్రాకు తిరుగులేదు. చిక్కల్లా యూరప్‌లోనే. లెమాన్స్‌లో ఒకచోట దాదాపు ఆరు కిలోమీటర్లు తిన్నగా సాగే రోడ్డుంటుంది. పైకప్పు లేని కోబ్రా అక్కడ ఎదురుగాలికి తట్టుకోలేక గంటకు 250 కిలోమీటర్లు దాటగానే ఆయాసపడేది. ఫెరారీ 250 జీటీవో మాత్రం 280 దాకా దూసుకుపోయేది. ఇంజిన్‌లో బలం ఉంది, ఒంటి తీరే బాగాలేదు!

తోక కోసిన కారు

రేసు నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉండేది. జీటీ విభాగంలో పోటీపడాలంటే ఒకే రకం కార్లు కనీసం వంద తయారుచేయాలి. అయితే బాడీ ఆకారాన్ని మాత్రం మార్చుకోవచ్చు. ఫెరారీ తన జీటీవోను బరిలోకి దింపింది ఈ సందులోంచే. షెల్బీ కూడా అదే దారి పట్టాడు. ఆ బాధ్యతను పాతికేళ్లు దాటిన పీట్ బ్రాక్ అనే యువ డిజైనర్‌కు అప్పగించాడు.

కారు వెనకభాగం సాగి సన్నబడుతూ పోవాల్సిన పనిలేదనీ, ఒక్కసారిగా కోసేసినా గాలి సాఫీగానే జారిపోతుందనీ 1930ల్లోనే జర్మన్ ఇంజినీర్లు తేల్చారు. బ్రాక్ ఆ సూత్రాన్నే నమ్ముకున్నాడు. కత్తితో కోసినట్టున్న ఆ తోకను చూసి తోటివాళ్లే పెదవి విరిచారు. టెస్ట్ డ్రైవర్ కెన్ మైల్స్ మాత్రం బ్రాక్ వైపు నిలిచాడు. 2019లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ'లో క్రిస్టియన్ బేల్ పోషించిన పాత్ర ఈయనదే.

1964 ఆరంభంలో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ ట్రాక్ మీద మైల్స్ ఆ కారును పరుగెత్తించాడు. వేగం గంటకు దాదాపు 300 కిలోమీటర్లు! ఒక్కో ల్యాప్‌కు పాత కోబ్రా కన్నా మూడున్నర సెకన్లు తక్కువ. పెదవి విరిచినవాళ్లంతా నోళ్లు మూసుకున్నారు.

గెలుపు అంచున...

ఆ ఫిబ్రవరిలోనే ఫ్లోరిడాలోని డేటోనాలో తొలి రేసు. కారుకు ఆ పేరు వచ్చింది అక్కడి నుంచే. డేవ్ మెక్‌డొనాల్డ్, బాబ్ హోల్బర్ట్ వంతులవారీగా నడుపుతూ ఫెరారీలను వెనక్కి నెట్టేశారు. గెలుపు ఖాయమనుకుంటున్న సమయంలో పెట్రోలు నింపుతుండగా మంటలు లేచాయి. మెకానిక్ ఒకరికి గాయాలయ్యాయి. కారు రేసు నుంచి తప్పుకుంది. అయినా కుంగిపోలేదు. మరుసటి నెల సెబ్రింగ్ 12 గంటల రేసులో అదే జోడీ జీటీ విభాగంలో విజేతగా నిలిచింది.

జూన్‌లో లెమాన్స్. క్రిస్ ఆమన్, యోఖెన్ నీర్‌పాష్ చేతుల్లో ఈ కారు ముందంజలో ఉండగా బ్యాటరీ మొండికేసింది. సిబ్బంది బయటి బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేశారు. అది నిబంధనలకు విరుద్ధం. నిర్వాహకులు కారును పోటీ నుంచి తప్పించారు. పరువు నిలిపింది దాని తోబుట్టువే. డాన్ గర్నీ, బాబ్ బాండ్యురాంట్ నడిపిన రెండో డేటోనా జీటీ విభాగంలో మొదటి స్థానం సాధించింది.

మొత్తం తయారైనవి ఆరే ఆరు డేటోనాలు. మొదటిది కాలిఫోర్నియాలో రూపుదిద్దుకుంది. మిగతా అయిదింటి బాడీలూ తయారైంది ఇటలీలోని మోడెనాలో... అంటే ఫెరారీ సొంత ఇలాకాలోనే! 1965లో ఈ జట్టు ఫెరారీని ఓడించి జీటీ ప్రపంచ టైటిల్‌ను అమెరికాకు తొలిసారి తెచ్చిపెట్టింది.

అదే ఏడాది నవంబరులో 2287కు చిత్రమైన పని పడింది. యూటా రాష్ట్రంలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో జెట్ కార్లతో ప్రపంచ వేగ రికార్డు కోసం పోటీ నడుస్తోంది. గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ తరఫున క్రెయిగ్ బ్రీడ్‌లవ్, ఫైర్‌స్టోన్ తరఫున ఆర్ట్ ఆర్ఫన్స్. ప్రత్యర్థికి మైదానం దొరక్కూడదంటే అక్కడ ఏదో ఒక కారు తిరుగుతూనే ఉండాలి. అందుకు ఈ కారును రప్పించారు. బ్రీడ్‌లవ్, బాబీ టాట్రో కలిసి ఉప్పు మీద దాన్ని గంటల తరబడి తిప్పారు. ఖాళీ భర్తీ చేయడానికి వచ్చిన కారు 20కి పైగా రికార్డులు సృష్టించి పోయింది!

అడిగేవాళ్లు లేక...

రేసు కారు పరిస్థితి పందెం ఎద్దు లాంటిది. పరుగు ఆగితే పట్టించుకునేవాళ్లుండరు. షెల్బీ బృందం అప్పటికే ఫోర్డ్ జీటీ40 మీద దృష్టి పెట్టింది. పాత డేటోనాలను కొద్ది వేల డాలర్లకే అమ్మేశారు. 2287ను బొమ్మకార్లు తయారుచేసే ఓ వ్యాపారి కొన్నాడు. అతని నుంచి ప్రముఖ సంగీత నిర్మాత ఫిల్ స్పెక్టర్ చేతికి వచ్చింది.

రేసు కోసం పుట్టిన కారుతో నగరం రోడ్ల మీద కాపురం కష్టం. లోపల కొలిమిలాంటి వేడి, చెవులు చిల్లులుపడే మోత. పైపెచ్చు వేగం మించినందుకు పోలీసుల చలానాలు. విసిగిపోయిన స్పెక్టర్ దాన్ని తన అంగరక్షకుడికి వెయ్యి డాలర్లకు ఇచ్చేశాడు. అతని నుంచి అది కూతురికి చేరింది. ఆమె కొంతకాలం రోడ్డు మీద తిప్పి, 1970ల్లో అనహైమ్‌లోని ఓ అద్దె గోదాములో పెట్టి తాళం వేసింది.

కాలం మారింది. పాత రేసు కార్ల ధరలు లక్షల డాలర్లకు ఎగబాకాయి. ఆరింట్లో తొలి కారు ఎక్కడుందని వేట మొదలైంది. ఎలాగో ఆచూకీ పట్టి వచ్చినవాళ్లందరికీ ఆమె చెప్పిన జవాబు ఒకటే... అమ్మను! స్వయంగా షెల్బీ ప్రయత్నించినా ఫలితం లేకపోయింది.

2000లో ఆమె విషాదకర పరిస్థితుల్లో మరణించింది. గోదాము తలుపులు తెరుచుకున్నాయి. వారసత్వం ప్రకారం కారు మాదేనన్నారు ఆమె కుటుంబసభ్యులు. తనకే ఇచ్చిందన్నాడు ఒక స్నేహితుడు. అసలు నేను అమ్మనేలేదన్నాడు స్పెక్టర్. వ్యవహారం కోర్టుకెక్కింది. దాదాపు 40 లక్షల డాలర్లు పలికిన ఆ కారు చివరికి ఫిలడెల్ఫియాకు చెందిన న్యూరోసర్జన్ ఫ్రెడ్ సిమియోన్ సొంతమైంది.

రంగు వేయలేదు!

మరొకరైతే పాత రంగు గీకించి, కొత్తదానిలా తళతళలాడించేవారే. సిమియోన్ ఆ పని చేయలేదు. యంత్రభాగాలను బాగుచేయించి, ఒంటిమీది మచ్చలను అలాగే ఉంచాడు. 'కారును ఎన్నిసార్లయినా కొత్తగా చేయొచ్చు, అసలుగా ఉండేది మాత్రం ఒక్కసారే' అన్నది ఆయన నమ్మిన సూత్రం. చేతులు మారుతూ పోయిన తోటి కార్లలా కాకుండా 2287 అంత అసలుగా మిగలడానికి ఒక కారణం ఆ గోదాము తాళమే. ఎవరూ చూడలేదు కాబట్టే ఎవరూ చెరపలేదు.

సిమియోన్ తన కార్లతో 2008లో ఫిలడెల్ఫియాలో మ్యూజియం తెరిచాడు. 2014లో అమెరికా జాతీయ చారిత్రక వాహనాల జాబితా ప్రారంభమైనప్పుడు అందులో మొదటి స్థానం 2287కే దక్కింది. దాని కొలతలు, ఫొటోలు, చరిత్ర లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి. దాని తోబుట్టువు ఒకటి 2009 వేలంలో 70 లక్షల డాలర్లకు పైగా పలికింది. మరి మొదటిదాని ధరెంత? 2022లో కన్నుమూసే నాటికి సిమియోన్ ఆ అవసరమే రాకుండా చేశాడు. కారు ఇప్పుడు మ్యూజియానిది. వెయ్యి డాలర్లకు వదిలించుకున్న బండి అమ్మకాల లెక్కలన్నీ దాటి చరిత్రలోకి వెళ్లిపోయింది.