‘ఫోకస్’: ఆదరణ నోచని ఒక సంగీత ప్రయోగము

మెటల్ సంగీతమన్నంతనే రేడియో మరను అవతలికి త్రిప్పు గృహస్థులు పలువురు గలరు. మితిమీరిన గిటారు ఘోష, ఎడతెగని డ్రమ్ముల దెబ్బలు, మాట తెలియని గర్జన, ఇవియే దాని లక్షణములని లోకము తలచుచున్నది. ఆ తలపు పూర్తిగా అసత్యమని మేము వాదింపబోము. అయితే ఆ ఘోషను విడువకయే దాని నడుమ వేరొక సంగీతమును అల్లిన నలుగురు యువకుల కృషిని శ్రోతలకు పరిచయము చేయదలచితిమి. తాళపు లెక్కలను మార్చుచు, రచనా నిర్మాణమునకు పెద్దపీట వేయు ఈ శాఖకు విమర్శకులు ప్రోగ్రెసివ్ మెటల్ అని పేరిడిరి.

అమెరికాలోని మయామీ నగరమున 1987లో ‘సినిక్’ అను బృందము వెలసెను. పాల్ మస్విడాల్, జేసన్ గోబెల్ గిటార్లను, షాన్ మలోన్ బాస్ గిటారును, షాన్ రైనర్ట్ డ్రమ్ములను వాయించిరి. మస్విడాల్, రైనర్టులు అంతకు మునుపే, 1991లో, ‘డెత్’ అను ప్రసిద్ధ బృందము వెలువరించిన ‘హ్యూమన్’ ఆల్బమునకు వాయించి పేరు గడించినవారు. 1992 ఆగస్టులో ఆండ్రూ తుఫాను దక్షిణ ఫ్లోరిడాను ధ్వంసము చేయగా వీరి ధ్వనిముద్రణ వాయిదా పడెను. తుదకు టాంపాలోని మోరిసౌండ్ స్టూడియోలో ముద్రితమైన ఆల్బము 1993 సెప్టెంబరులో ‘ఫోకస్’ అను పేర వెలువడెను. ఎనిమిది పాటలు, సుమారు 36 నిమిషములు; అంతే.

వేర్వేరు సంప్రదాయములను ప్రక్కప్రక్కన నిలుపుట కష్టము కాదు. ఒక చరణమునకు ఒక బాణీ, మరుచరణమునకు మరొక బాణీ కట్టినచో కలిపినట్లే కనబడును. అది ఒకే విస్తరిలో రెండు వంటలు వడ్డించుట వంటిది. ‘ఫోకస్’లో జరిగినది అది కాదు. గిటార్లు కర్కశముగ సాగుచుండగనే, వాని క్రింద రైనర్ట్ జాజ్ వాద్యకారుని వలె సింబల్ తాళములను సున్నితముగ తాకుచు లయను సాగదీయును, ముడుచును. మలోన్ బాస్ గిటారునకు మెట్లు లేవు. వీణకు మెట్లు గలవు, వయొలినుకు లేవు గదా. వయొలినుపై వ్రేలు స్వరము నుండి స్వరమునకు జారునట్లే ఇందును జారును. మెటల్ సంగీతమున బాస్ సాధారణముగ గిటార్ల చాటున మరుగుపడు వాద్యము. ఇచ్చట దానికి స్వంత వాక్కు లభించినది.

ఇక గాత్రము. మస్విడాల్ తన కంఠమును వోకోడర్ అను యంత్రము గుండ పంపెను. 1930ల దశకమున బెల్ ప్రయోగశాలలలో హోమర్ డడ్లీ టెలిఫోను సంభాషణల కొరకు రూపొందించిన సాధనమిది. మానవ స్వరమును హెచ్చు, తగ్గు శ్రుతుల పట్టీలుగ విడదీసి, ఏ పట్టీలో ఎంత బలమున్నదో క్షణక్షణము కొలిచి, ఆ కొలతలను వేరొక నాదముపై అచ్చొత్తును. ఫలితముగ వాద్యమే మాటలాడుచున్నట్లు వినబడును. ఆ మృదుస్వరమునకు ఎదురుగ టోనీ టీగార్డెన్ గర్జన నిలిచినది. ఆల్బములో బలహీనమైన అంశమిదియేయని మా అభిప్రాయము. గర్జన లేనిదే అభిమానులు ఒప్పరేమో యను జంకు అందు తోచుచున్నది.

మొదటి పాట పేరు ‘వెయిల్ ఆఫ్ మాయా’, అనగా మాయ తెర. మరొక పాట పేరునకు ‘నేనొక అలను మాత్రమే’ యని అర్థము. దేనికి అలయో చెప్పకయే విడిచిరి. అల, సముద్రము అను దృష్టాంతము వేదాంత ప్రసంగములు వినిన మన శ్రోతలకు క్రొత్త కాదు. మృత్యువును, రక్తపాతమును వర్ణించుట పరిపాటియైన ఆ సంగీతమునందు మాత్రము ఇది వింతయే.

ఆ వింతకు మూల్యము చెల్లింపక తప్పలేదు. అతికఠోరమైన ‘కానిబల్ కార్ప్స్’ బృందముతో కలిసి వీరు ఊరూర కచేరీలు చేసిరి. అందుకై వచ్చిన జనమునకు ఈ మెత్తదనము రుచించుట దుర్లభము. జాజ్ రసికులకో, గర్జన అడ్డుగోడ. 1994లో బృందము విడిపోయెను. షికాగోలో 2004లో ఏర్పడిన యువబృందమొకటి ఆ మొదటి పాట పేరునే తన పేరుగ పెట్టుకొనెను. సినిక్ రెండవ ఆల్బము వెలువడుటకు మాత్రము 2008 వరకు, పదునైదేండ్లు పట్టెను. 2020 జనవరిలో రైనర్ట్, డిసెంబరులో మలోన్ మరణించిరి.

క్రొత్తగ వినువారు ఏడవదగు ‘టెక్స్‌చర్స్’ నుండి ఆరంభించుట మేలు. అందు మాటలు లేవు, గర్జన లేదు. ఆ ఇరువురి చేతివ్రేళ్ల పని తేటగ వినబడును.