తెర వెనుక పెరిగిన పిల్లలు



మీ వారికి బదిలీ అయిందంటే మొట్టమొదట మీకు బెంగ పట్టుకునేది దేని గురించి? పిల్లల చదువు గురించే కదా! టి.సి. తెచ్చుకోవాలి, కొత్త బడిలో సీటు దొరకాలి. నాలుగైదేళ్ళకోసారి వచ్చే ఈ అవస్థకే మనం అలసిపోతాం. మరి కొన్ని వారాలకో, నెలలకో ఊరు మారిపోయే తల్లి మాటేమిటి? సురభి నాటక కుటుంబాల స్త్రీలు తరతరాలుగా అలాగే సంసారాలు ఈదుకొచ్చారు.

సురభి అనేది కడప జిల్లాలో ఒక ఊరు. తోలుబొమ్మలాట వృత్తిగా ఉన్న కుటుంబాలవారు 1885లో అక్కడ ‘కీచకవధ’ నాటకం ఆడారు. బొమ్మల బదులు మనుషులే వేషాలు కట్టారన్నమాట. అందుకు ఆద్యులు వనారస గోవిందరావుగారు. కుటుంబాలు పెరిగేకొద్దీ సమాజాలూ పెరిగాయి. డేరాలు, తెరలు, వంటపాత్రలు, చంటిపిల్లలతో సహా ఊరూరా తిరిగాయి. మగవాళ్ళే చీరకట్టి ఆడవేషాలు వేసే ఆ రోజుల్లో, వీరి నాటకాల్లో ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు. ఇంటిల్లిపాదీ ఒకేచోట ఉన్నారు కాబట్టి అది సాధ్యమైంది.

సురభి కమలాబాయిగారి పేరు మీరు వినే ఉంటారు. మన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932)లో లీలావతి ఆవిడే. ఆవిడ తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులు వచ్చి, రంగస్థలం మీదే ప్రసవమయిందని చెప్పుకుంటారు. ఆ కథ వింటే మనకు ఆశ్చర్యం వేస్తుంది గాని, నెలలు నిండేదాకా ముఖానికి రంగు పూసుకున్న ఆ తల్లి కష్టం కూడా అందులో ఉంది.

ఇక పిల్లల సంగతి చూడండి. అమ్మ వేషం వేసుకుంటుంటే పక్కనే ఆడుకుంటారు, హార్మోనియం వింటూ నిద్రపోతారు. బొద్దుగా ఉన్న పసివాడు బాలకృష్ణుడు. కాస్త మాటలొస్తే ప్రహ్లాదుడు, లోహితుడు. అన్నదమ్ములిద్దరుంటే లవకుశులు సిద్ధం! రోజూ వినీ వినీ పద్యాలు నోటికి వచ్చేస్తాయి. ‘మాయాబజార్’లో నారదుడు ఆకాశం నుంచి దిగుతాడే, అది చూసి మన పిల్లలు నోళ్ళు తెరుస్తారు. డేరా పిల్లలకు మాత్రం ఆ తీగ ఎక్కడుందో, తాడు ఎవరు లాగుతున్నారో తెలుసు. ఆ సమయంలో ఎక్కడ నిలబడకూడదో కూడా తెలియాలి మరి! ఒకరు ఒక్క క్షణం ఏమరితే పైనున్నవాడికి ప్రమాదం. మాట మీద నిలబడడం, పని పంచుకోవడం వాళ్ళకు అలా అలవడేవి.

అయితే దీనికి మూల్యం లేకపోలేదు. అర్ధరాత్రి దాటాక పడుకున్న పిల్ల పొద్దున్నే బడికెలా వెళుతుంది? వెళ్ళినా, అక్షరాలు కుదురుకునేలోపు డేరా ఎత్తేసేవారు. వందల పద్యాలు వచ్చిన పిల్లకు అయిదో తరగతి సర్టిఫికెట్టు ఉండేది కాదు. సినిమాలు, ఆపైన టీవీలు వచ్చి జనం తగ్గిపోయాక, ఆ సర్టిఫికెట్టు లేని లోటు బాగా తెలిసివచ్చింది. సమాజాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1937లో పుట్టిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి వంటి కొన్ని మాత్రం నిలదొక్కుకున్నాయి. దాన్ని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుగారికి, అదే అందరూ బాబ్జీగారని పిలుచుకునే ఆయనకు, 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కాలం చేశారు.

హైదరాబాదు శివారు లింగంపల్లిలో సురభి కుటుంబాలు స్థిరపడ్డాక పిల్లలకు బడి కుదిరింది. కాని పుస్తకాల సంచి భుజాన వేసుకున్న పిల్లకు, రాత్రంతా అమ్మ పక్కన నిలబడి నేర్చుకునే తీరిక ఎక్కడిది? బడి మాన్పించమని ఎవరూ అనలేరు, అనకూడదు కూడా. విద్య పోకూడదు, చదువూ పోకూడదు. ఆ రెంటి మధ్యా నలిగేది తల్లులే.

మనం చేయగలిగింది చిన్నదే. మీ ఊళ్ళో సురభి నాటకం ఆడుతున్నారని తెలిస్తే, పిల్లలకు టిక్కెట్టు కొని తీసుకెళ్ళండి. ఇంటికి వచ్చేటప్పుడు, ఆ కృష్ణుడు వేషం వేసిన పిల్లవాడు కూడా తెల్లవారితే బడికి వెళ్ళాలని వాళ్ళకు చెప్పండి.