సెల్ఫు మోటారు పట్టు వదలనప్పుడు
ట్రాక్టరు, పడవ ఇంజనుల యజమానులు తెలిసికొనవలసిన విషయములు

నేడు దుక్కి, దమ్ము, నూర్పిడి, రవాణా పనులన్నిటికి ట్రాక్టరే ఆధారము. గోదావరి లంకలలో అరటిగెలలు, కూరగాయలు ఒడ్డు దాటించుటకు ఇంజను పడవలును ఉపయోగపడుచున్నవి. ఈ ఇంజనులను ప్రారంభించునది సెల్ఫు మోటారు. 1912లో అమెరికాలో కాడిలాక్ కారుకు విద్యుత్ స్టార్టరును అమర్చిన తరువాతనే, హ్యాండిలు త్రిప్పి చేతులు విరుగగొట్టుకొను బాధ క్రమముగా తొలగినది. కాని తాళము వదలిన తరువాత కూడ ఈ మోటారు తిరుగుచునే యున్నచో, కొద్ది నిమిషములలో వేల రూపాయల సామాను కాలిపోవును. గేరులో నున్న ట్రాక్టరు దానంతట అది కదలి ప్రాణాపాయమును కూడ కలిగింపవచ్చును. కావున రైతు సోదరులు ఈ లోపమును గుర్తించు పద్ధతి నేర్చుకొనుట మంచిది.

సెల్ఫు మోటారు పనిచేయు విధము

తాళమును త్రిప్పగానే సన్నని వైరు ద్వారా సోలినాయిడుకు కరెంటు చేరును. సోలినాయిడులోని తీగచుట్ట ఇనుప కడ్డీని లోనికి లాగును. ఆ కడ్డీ ఒక ప్రక్క చిన్న పళ్లచక్రమగు పినియనును ఫ్లైవీలు పళ్లలోనికి నెట్టును. రెండవ ప్రక్క రాగి బిళ్లను రెండు లావు బోల్టులకు ఆనించి, బ్యాటరీ కరెంటును మోటారుకు పంపును. తాళము వదలగానే స్ప్రింగు కడ్డీని వెనుకకు నెట్టవలెను, రాగి బిళ్ల విడిపోవలెను, పినియను వెనుకకు రావలెను. ఈ మూడింటిలో ఏది జరుగకున్నను మోటారు పట్టు వదలదు.

దీనివలన కలుగు నష్టమును ఒక లెక్కతో చూడవచ్చును. ఫ్లైవీలుకు 120 పళ్లు, పినియనుకు 10 పళ్లు ఉన్నవనుకొనుడు. ఇంజను నిమిషమునకు 700 చుట్లు తిరుగునప్పుడు పినియను 8,400 చుట్లు తిరుగును; ఇంజను వేగము 1,800 అయినచో 21,600 చుట్లగును. పినియనుకు ఒకవైపు మాత్రమే పట్టు క్లచ్చి ఉండుటచే కొంతసేపు మోటారుకు రక్షణ కలుగును. ఆ క్లచ్చి కూడ బిగిసిపోయినచో మోటారు లోపలి తీగలు చెదరి, మోటారు పూర్తిగా పాడగును.

వెంటనే చేయవలసిన పనులు

1. క్లచ్చి త్రొక్కి, గేరును న్యూట్రలులో ఉంచి, చేతి బ్రేకు వేయవలెను.
2. స్టాపు మీట లాగి ఇంజనును ఆపవలెను. యాక్సిలరేటరు పెంచరాదు. ఇంజను నడుచుచుండగా బ్యాటరీని విప్పినచో ఆల్టర్నేటరు చెడిపోవును.
3. అప్పటికిని మోటారు తిరుగుచున్నచో, బ్యాటరీ నుండి బాడీకి కలిపిన ఎర్తు వైరును ముందుగా ఊడదీయవలెను. రెండవ వైపు ముందుగా విప్పబోయినచో పానా బాడీకి తగిలి పెద్ద నిప్పురవ్వ లేచును. బ్యాటరీ నుండి వెలువడు వాయువు మండు స్వభావము కలది గనుక ముఖము ప్రక్కకు త్రిప్పుకొని ఈ పని చేయవలెను. దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగింపరాదు.

లోపమును కనుగొను పరీక్ష

మోటారు చల్లారిన తరువాత, గేరు న్యూట్రలులోను, స్టాపు మీట లాగియు ఉంచి, సోలినాయిడుకు వచ్చు సన్నని వైరును విప్పి, దేనికిని తగులకుండ ఉంచవలెను. పిమ్మట ఎర్తు వైరును మరల తాకింపవలెను.

అప్పుడు మోటారు తిరిగినచో, సోలినాయిడులోని రాగి బిళ్ల బోల్టులకు అతుకుకొనినదని నిశ్చయము. వెంటనే ఎర్తు వైరు తీసివేసి, సోలినాయిడును మార్పింపవలెను. సుత్తితో కొట్టి విడదీసినను అది మరల అతుకుకొనును.

మోటారు తిరుగకున్నచో ఎర్తు వైరును బిగించి, పరీక్ష దీపపు ఒక కొనను విప్పిన సన్నని వైరుకు, రెండవ కొనను బాడీకి తగిలించవలెను. తాళమును స్టార్టు స్థానమునకు త్రిప్పినప్పుడు మాత్రమే దీపము వెలుగవలెను. తాళము వదలిన తరువాత కూడ వెలుగుచున్నచో లోపము తాళపు స్విచ్చిలోనో, రిలే ఉన్నచో దానిలోనో, తొడుగు చిరిగి వేరొక వైరుకు తగులుచున్న చోటనో కలదు. దీపము సరిగా ఆరిపోవుచున్నచో స్విచ్చి మంచిదే. కడ్డీ, స్ప్రింగు, పినియనులలో ఏదో ఒకటి చిక్కుకొనినదని గ్రహింపవలెను. అప్పుడు మోటారును దించి, దమ్ములో చేరిన బురదను, తుప్పును శుభ్రపరచవలెను. విరిగిన స్ప్రింగును మార్చవలెను. ఫ్లైవీలు పళ్ల అంచులు అరిగి ముళ్లవలె లేచినవేమో, మోటారు బోల్టులు వదులైనవేమో చూడవలెను.

అసలు కారణము బ్యాటరీయే కావచ్చును

సోలినాయిడు మార్చిన నెలకే మరల అదే లోపము వచ్చుచున్నచో బ్యాటరీని అనుమానింపవలెను. బ్యాటరీ బలహీనమైనప్పుడు సోలినాయిడు కడ్డీని గట్టిగా పట్టి ఉంచలేదు. కడ్డీ టకటకమని కొట్టుకొనును. ప్రతి దెబ్బకు రాగి బిళ్ల వద్ద నిప్పురవ్వ లేచి, రాగి కరగి, చివరకు అతుకుకొనును. కావున టకటక శబ్దము వినబడినప్పుడు తాళమును పదే పదే త్రిప్పరాదు.

12 వోల్టుల బ్యాటరీ నిండుగా నున్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపును. మోటారు తిరుగుచుండగా 9.6 కంటె తగ్గరాదు. టెర్మినలుల మీది తెల్లని పొక్కును వేడినీటితో కడిగి, ఉప్పు కాగితముతో రుద్ది, బిగించి, పైన కొద్దిగా వాజిలీను పూయవలెను. ఎర్తు వైరు బాడీకి కలియు చోట రంగు, తుప్పు లేకుండ గీకవలెను. ఒక్కసారికి 10 సెకండ్లకు మించి సెల్ఫు కొట్టరాదు. మరల కొట్టుటకు ముందు ఒక నిమిషము ఆగవలెను.

పడవ ఇంజనుల విషయము

పడవలో మోటారు ఇంజను అడుగుభాగమున ఉండుటచే అడుగున చేరిన నీరు దానికి తగులును. సముద్రపు ఉప్పుగాలి కడ్డీకి త్వరగా తుప్పు పట్టించును. కావున నీటిని ఎప్పటికప్పుడు తోడివేయవలెను. పడవ వెనుక తగిలించు చిన్న ఇంజనులలో పినియను మరల మీద జారుచు పైకి వచ్చును. ఆ మరలకు గ్రీజు దట్టముగా పూసినచో ఇసుక అంటుకొని పినియను నిలిచిపోవును. పలుచని నూనె చాలును. నడిఏటిలో ఈ లోపము వచ్చినచో గేరు న్యూట్రలులోనికి తెచ్చి, ఇంజను ఆపి, పడవ కొట్టుకొనిపోకుండ వెంటనే లంగరు వేయవలెను. పెట్రోలు ఇంజను గల పడవలో ఆవిరి నిలిచి యుండును గనుక నిప్పురవ్వ మిక్కిలి ప్రమాదకరము. బ్యాటరీని ఒక్క మీటతో తెంపు స్విచ్చిని ఇంజను గదికి వెలుపల అమర్చుకొనుట ఉత్తమము.

ఒక ముఖ్యమైన హెచ్చరిక

తాళము పనిచేయనప్పుడు నేల మీద నిలిచి, స్క్రూడ్రైవరుతో సోలినాయిడు బోల్టులను కలిపి ఇంజనును లేపు అలవాటు కొందరికి కలదు. ట్రాక్టరు గేరులో నున్నచో అది ఒక్కసారిగా ముందుకు దూకి, పెద్ద చక్రము మనిషి మీదికి ఎక్కును. తప్పించుకొనుటకు వ్యవధి ఉండదు. గేరులో నున్నప్పుడు సెల్ఫు తిరుగకుండ ఆపు రక్షక స్విచ్చిని తీసివేయుటయు ఇటువంటి ప్రమాదమునకే దారితీయును. గ్రామాధికారులు, అద్దె యంత్రముల కేంద్రముల నిర్వాహకులు తమ పరిధిలోని డ్రైవర్లకు ఈ సంగతిని తప్పక తెలియజేయవలెను.

అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలో ట్రాక్టరు నడుపుట, మరమ్మతులలో శిక్షణ ఇచ్చుచున్నారు. రైతుల ఇండ్లలోని యువకులు ఇట్టి శిక్షణ పొందినచో చిన్న లోపములను ఊరిలోనే సరిచేసికొనవచ్చును. పని తొందరలో పదును తప్పిన దుక్కికి మరల అదను దొరకదు. కావున తొలకరికి ముందే బ్యాటరీని, వైర్లను, సెల్ఫు మోటారును ఒకసారి పరీక్ష చేయించుకొనవలసినదిగా రైతు సోదరులను కోరుచున్నాము.