ఒకే ఇల్లు, ఒకే వైరస్.. జబ్బు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా!

2021 జనవరి. డాలస్ శివార్లలోని మా ఇంట్లో ఐదుగురం ఉన్నాం. ఆరు నెలలకని విజయవాడ నుంచి వచ్చిన అమ్మ, విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే ఉండిపోయింది. ఆ వారం అందరికీ కొవిడ్ పాజిటివ్. అమ్మకు 71 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగర్. మా భయమంతా ఆమె గురించే. తీరా చూస్తే ఆమెకు రెండు రోజులు జ్వరం వచ్చి తగ్గిపోయింది. పిల్లలిద్దరికీ ఏమీ కాలేదు. మా ఆవిడకు నెల రోజులు వాసన తెలియలేదు. ఆస్పత్రిలో చేరి ఆరు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నది మాత్రం 42 ఏళ్ల నేను. షుగర్ లేదు, బీపీ లేదు, వారానికి నాలుగు రోజులు బ్యాడ్మింటన్ ఆడేవాణ్ని.

"ఆ జబ్బేదో నాకే ముదరకూడదా నాయనా" అని అమ్మ వీడియో కాల్‌లో ఏడ్చింది. నేనెందుకు, ఆమె ఎందుకు కాదు అన్న ప్రశ్న నన్ను అప్పుడే పట్టుకుంది.

అదే ఏడాది నవంబరులో మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం వచ్చింది. 'మన జన్యువుల్లోనే లోపం ఉందట, 60 శాతం మందికి ముప్పు రెట్టింపట' అని. గుంటూరులో ఉండే మా బాబాయి కొడుకు దాని కింద 'రాసిపెట్టి ఉంటే ఇక టీకాతో పనేంటి' అని రాశాడు. అప్పటికి వాడు రెండో డోసు వేయించుకోలేదు. ఆ ఒక్క మాట కోసమే ఆ పరిశోధనలు చదవడం మొదలుపెట్టాను.

ఆ 60 శాతం ఎక్కడిది?

సందేశం పూర్తిగా అబద్ధం కాదు. 2020లో ఇటలీ, స్పెయిన్ రోగులపై జరిగిన అధ్యయనంలో, మూడో క్రోమోజోమ్‌లోని ఒక భాగానికి, కొవిడ్ ముదరడానికి సంబంధం కనిపించింది. ఆ సెప్టెంబరులోనే శాస్త్రవేత్తలు హ్యూగో జీబెర్గ్, స్వాంటే పాబో ఆ ముక్క మనకు నియాండర్తల్ మానవుల నుంచి వచ్చిందని తేల్చారు. క్రొయేషియాలోని విండియా గుహలో దొరికిన, సుమారు 50 వేల ఏళ్ల నాటి ఎముకలోనూ అదే ఉంది. దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో, ఐరోపాలో 16 శాతం మందిలో ఆ ముక్క కనీసం ఒక ప్రతి ఉందని వారి లెక్క. పాబోకు 2022లో వైద్య నోబెల్ వచ్చింది.

2021 నవంబరులో ఆక్స్‌ఫర్డ్ బృందం ఆ ముక్కలో పనిచేసే జన్యువు ఎల్‌జెడ్‌టీఎఫ్‌ఎల్‌1 కావచ్చని చెప్పింది. వైరస్ వచ్చినప్పుడు ఊపిరితిత్తుల లోపలి కణాలు స్పందించే తీరును అది మారుస్తుంది. దక్షిణాసియా మూలాలున్నవారిలో 60 శాతం, ఐరోపావారిలో 15 శాతం మందికి ముప్పు పెంచే రకం ఉందన్నారు. వాట్సాప్ సందేశం ఇక్కడి నుంచే పుట్టింది. కానీ అదే శాస్త్రవేత్తలు చెప్పిన ముఖ్యమైన మాట అందులో లేదు. ఈ జన్యువు పని ఊపిరితిత్తుల్లోనే తప్ప రోగనిరోధక వ్యవస్థలో కాదు. కాబట్టి ఈ రకం ఉన్నవారికీ టీకా మామూలుగానే పనిచేయాలి. అంటే మా తమ్ముడు తీసిన అర్థానికి పూర్తిగా వ్యతిరేకం.

ఇంకో సంగతి. నియాండర్తల్‌లు మనకు ఇచ్చింది ముప్పు ఒక్కటే కాదు. 12వ క్రోమోజోమ్‌లో వారి నుంచే వచ్చిన మరో ముక్క ఐసీయూ దాకా వెళ్లే అవకాశాన్ని సుమారు 22 శాతం తగ్గిస్తుందని ఇదే జంట 2021 ఫిబ్రవరిలో తేల్చింది. ఆఫ్రికా బయట దాదాపు సగం మందిలో అది ఉంది.

హైదరాబాద్ చెప్పిన మాట

ఈ విషయంలో మనవాళ్ల పరిశోధన కూడా ఉంది. సీసీఎంబీలో సుదీర్ఘకాలం పనిచేసి అప్పట్లో సీడీఎఫ్‌డీ డైరెక్టర్‌గా ఉన్న డాక్టర్ కుమారస్వామి తంగరాజ్, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ జ్ఞానేశ్వర్ చౌబే బృందం 2021 జూన్‌లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఆ మూడో క్రోమోజోమ్ ముక్క దక్షిణాసియాలో ఎక్కడ ఎంత ఉందో, అక్కడ కేసులు, మరణాలు ఎలా ఉన్నాయో మూడు వేర్వేరు సమయాల్లో పోల్చి చూశారు. రెండింటికీ పొంతన కుదరలేదు. ఐరోపాలో ముప్పుగా తేలింది ఇక్కడా అలాగే పనిచేస్తుందని అనుకోలేమన్నారు.

ఇది జనాభా లెక్క. నాకు జబ్బు ఎందుకు ముదిరిందో ఇది చెప్పదు. కానీ 'మన జాతికే లోపం' అన్న మాటకు మాత్రం గట్టి జవాబే.

కావలివాడి కేక

మరి ఒక్కో మనిషికి వచ్చే తేడా? వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను వదులుతుంది. ఊళ్లో దొంగ పడితే కావలివాడు వేసే కేక లాంటిది అది. ఆ కేక ఆలస్యమైతే దొంగ ఇల్లంతా దోచేస్తాడు. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జాన్ లారెంట్ కాసనోవా బృందం 2020లో, కొవిడ్ తీవ్రమైన 659 మందిని పరీక్షిస్తే 3.5 శాతం మందిలో ఈ కేకకు సంబంధించిన జన్యువుల్లో లోపాలు కనిపించాయి. 2015లో ఇదే బృందం, ఫ్లూతో ప్రాణాపాయానికి వెళ్లిన ఒక చిన్నారిలో ఐఆర్‌ఎఫ్‌7 అనే జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్నట్టు గుర్తించింది.

జన్యువులో లోపం లేకపోయినా కేక వినబడకపోవచ్చు. తీవ్ర న్యుమోనియా వచ్చిన 987 మందిలో 101 మందికి, తమ ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు ఉన్నాయి. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్లే!

అయితే ఇవన్నీ కొద్దిమందికే. మిగతావారిలో పదుల కొద్దీ జన్యువులు తలా కొంచెం ప్రభావం చూపుతాయి. వాటన్నిటికంటే వయసు, షుగర్, ఊబకాయం, టీకా వేయించుకున్నారా లేదా అన్నదే పెద్ద లెక్క.

లెక్కలో మనం ఎక్కడ?

2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌ఫ్రాన్సిస్కో శాస్త్రవేత్తలు ఇంకో ప్రశ్న వేశారు. కొవిడ్ వచ్చినా ఏ లక్షణమూ లేనివారిలో ఏముంది? ఎముక మజ్జ దాతల జాబితాలోని దాదాపు 30 వేల మంది సాయంతో జవాబు దొరికింది. హెచ్‌ఎల్‌ఏ-బీ15:01 అనే రకం ఒక ప్రతి ఉంటే లక్షణాలు లేకుండా బయటపడే అవకాశం రెట్టింపు కంటే ఎక్కువ, రెండు ఉంటే ఎనిమిది రెట్లకు పైగా. మా పిల్లలకు ఇదే ఉందేమో అని ఆశగా చదివాను. కింద ఒక వాక్యం ఉంది. ఈ విశ్లేషణ శ్వేతజాతీయులకే పరిమితం, మిగతావారి సంఖ్య సరిపోలేదు.

మనల్ని మనం లెక్కిస్తే ఏం దొరుకుతుందో ఇదివరకే చూశాం. వైశ్యుల్లో కొందరికి మత్తు ఇచ్చేటప్పుడు వాడే కండరాల సడలింపు మందు ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. బీసీహెచ్‌ఈ అనే ఎంజైమ్ లోపం దీనికి కారణం. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల ఇలాంటివి కొన్ని సమూహాల్లో ఎక్కువగా ఉంటాయని 2017లో తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు వివరించాయి. ఇప్పుడు భారత్‌లో జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10 వేల మంది జన్యుక్రమాలను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థల 'ఆల్ ఆఫ్ అస్' కార్యక్రమంలో మనమూ స్వచ్ఛందంగా చేరవచ్చు.

చేరే ముందు ఇవి తెలుసుకోండి

2008లో వచ్చిన 'జీనా' చట్టం ప్రకారం జన్యు సమాచారం చూసి హెల్త్ ఇన్సూరెన్స్ నిరాకరించకూడదు, ఉద్యోగంలో వివక్ష చూపకూడదు. కానీ లైఫ్ ఇన్సూరెన్స్, డిజేబిలిటీ, లాంగ్ టర్మ్ కేర్ పాలసీలకు ఆ చట్టం వర్తించదు. ఫ్లోరిడా వంటి కొన్ని రాష్ట్రాలే అదనపు రక్షణ ఇచ్చాయి. ఇంట్లో ఉమ్మి నింపి పంపే ప్రైవేటు పరీక్షల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 23అండ్‌మీ సంస్థ నుంచి 2023లో 69 లక్షల మంది సమాచారం బయటికి పొక్కింది. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. డేటాబేస్‌లతోనే పనిచేసే నేను ఒకటి చెప్పగలను. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, డీఎన్‌ఏ మార్చుకోలేం. పైగా అది మన ఒక్కరిదే కాదు, అన్నదమ్ములది, పిల్లలది కూడా.

కుటుంబంలో చిన్న వయసులోనే ఫ్లూ, న్యుమోనియాలతో ఐసీయూ దాకా వెళ్లినవారు ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. అవసరమైతే ఇమ్యునాలజిస్టు దగ్గరికి పంపుతారు. అమ్మానాన్నలు చలికాలంలో ఇక్కడికి వస్తుంటే ఫ్లూ, కొవిడ్ టీకాల గురించి ముందే అడగండి. 75 దాటిన అందరికీ ఆర్‌ఎస్‌వీ టీకా కూడా వేయించుకోమని సీడీసీ చెబుతోంది. విజిటర్ ఇన్సూరెన్సులో వీటికి డబ్బు వస్తుందో లేదో చూసుకోండి.

నాకు ఆ ఆరు రోజులు ఎందుకు వచ్చాయో ఇప్పటికీ తెలియదు. నేను ఏ పరీక్షా చేయించుకోలేదు. ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి గంటసేపు ఇదంతా చెప్పాను. వాడు పెద్దగా ఏమీ అనలేదు. నాలుగు రోజుల తర్వాత గ్రూపులో రెండో డోసు సర్టిఫికెట్ ఫొటో పెట్టాడు.