క్యాథెటర్‌తో ఇంటికొచ్చారా? రంగుకన్నా ధారను చూడండి

పొద్దున ఇందిరా పార్కులో నడక, పగలు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పత్రికలు, సాయంత్రం త్యాగరాయ గానసభలో కచేరీ. హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడల్లో రిటైరైన పెద్దల్లో చాలామందికి రోజు ఇలా గడుస్తుంది. ప్రొస్టేట్ ఆపరేషన్ చేయించుకుని మూత్రపు గొట్టంతో ఇంటికొస్తే ఇదంతా ఆగిపోతుంది. కొంత విశ్రాంతి అవసరమే. కానీ మనిషిని మంచానికి కట్టేసేది ఎక్కువగా భయం, పరామర్శకు వచ్చినవాళ్లు చెప్పే మాటలు.

మూత్రనాళం గుండా చేసే టీయూఆర్‌పీ తర్వాత గొట్టం సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు ఉంటుంది. క్యాన్సర్ వల్ల ప్రొస్టేట్ గ్రంథిని పూర్తిగా తీసేస్తే వారం నుంచి రెండు వారాలు ఉంచుతారు.

అపోహ: మూత్రం చేరే బ్యాగ్‌లో ఎరుపు కనిపిస్తే ఆపరేషన్ చెడిపోయినట్టే.

వాస్తవం: లేత గులాబీ రంగు మామూలే. కాస్త ఎక్కువ నడిచినా, ముక్కినా రంగు పెరిగి, నీళ్లు తాగి పడుకుంటే తగ్గుతుంది. టీయూఆర్‌పీ అయిన రెండో వారంలో లోపలి పుండు మీద చెక్కు ఊడేటప్పుడు మళ్లీ కొద్దిగా రక్తం పడొచ్చు. చిక్కటి ఎరుపు, గడ్డలు, ధార ఆగిపోవడం మాత్రం ప్రమాద సూచనలు.

అపోహ: నీళ్లు తగ్గిస్తే బ్యాగ్ నిండదు, మంట ఉండదు.

వాస్తవం: నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మంట పెరుగుతుంది, రక్తపు గడ్డలు గొట్టానికి అడ్డుపడతాయి. గుండె, కిడ్నీ జబ్బులు లేనివారు రోజుకు రెండు నుంచి మూడు లీటర్లు తాగొచ్చు. ఆ జబ్బులున్నవారు ఎంత తాగాలో డాక్టర్‌ని అడగాలి.

అపోహ: పప్పు తింటే చీము పడుతుంది. కొన్నాళ్లు చారన్నం, బ్రెడ్డుతోనే సరిపెట్టాలి.

వాస్తవం: పప్పుకీ చీముకీ సంబంధం లేదు. పీచు లేని పథ్యంతో మలబద్ధకం వస్తుంది. ముక్కితే లోపలి పుండు మళ్లీ రక్తం కారుస్తుంది. ఆకుకూర పప్పు, కూరలు, పండ్లు తినండి. అవసరమైతే విరేచనం సాఫీగా అయ్యే మందు డాక్టరే రాస్తారు.

అపోహ: గొట్టం పక్కనుంచి కారుతోందంటే అది సరిగ్గా కూర్చోలేదు. కాస్త లాగి సర్దాలి.

వాస్తవం: అస్సలు లాగకూడదు. అమెరికా యూరాలజిస్టు ఫ్రెడరిక్ ఫోలీ 1930లలో రూపొందించిన ఈ క్యాథెటర్ కొసన చిన్న బెలూన్ ఉంటుంది. దాన్ని నీళ్లతో ఉబ్బించడం వల్లే గొట్టం మూత్రాశయంలో నిలుస్తుంది. లాగితే మూత్రనాళం చిరిగిపోవచ్చు. పక్కనుంచి కారడానికీ, ఉన్నట్టుండి మూత్రం ముంచుకొచ్చినట్టు అనిపించడానికీ తరచూ కారణం మూత్రాశయం బిగుసుకోవడమే. దానికి మందులున్నాయి. అయితే బ్యాగ్‌లోకి మూత్రం దిగుతోందా, గొట్టం ఎక్కడైనా మడతపడిందా అన్నది ముందు చూడండి.

అపోహ: గొట్టం ఉన్నన్నాళ్లూ స్నానం చేయకూడదు, మంచం దిగకూడదు.

వాస్తవం: స్నానానికి డాక్టర్ ఒప్పుకుంటే గొట్టం అడ్డు కాదు. అది బయటికొచ్చే చోట రోజూ సబ్బుతో కడిగి పొడిగా తుడవాలి. పౌడర్లు, పసుపు రాయకూడదు. ఇంట్లో, వరండాలో నడుస్తుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. బరువులు ఎత్తడం, స్కూటర్ నడపడం డాక్టర్ చెప్పేదాకా వద్దు. బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. చెకప్‌కి ఆటోలో వెళ్లేటప్పుడు చాలామంది దాన్ని ఒళ్లో పెట్టుకుంటారు. అలా చేస్తే మూత్రం వెనక్కి పారి ఇన్ఫెక్షన్‌కి దారితీస్తుంది. కాలికి కట్టుకునే చిన్న బ్యాగ్ అడగండి. సగానికి పైగా నిండగానే ఖాళీ చేయండి, ముందూ వెనకా చేతులు కడుక్కోండి.

అపోహ: గొట్టం తీసేదాకా యాంటీబయాటిక్స్ వాడుతూనే ఉండాలి.

వాస్తవం: గొట్టం కొన్నాళ్లు ఉంటే మూత్రంలో బ్యాక్టీరియా చేరడం సహజం. జ్వరం, వణుకు వంటి లక్షణాలు లేకుండా పరీక్ష కాగితం చూసి మందుల షాపులో కొనుక్కుంటే, ఆ మందులకు లొంగని క్రిములు తయారవుతాయి. డాక్టర్ రాసినన్ని రోజులే వాడండి. ఆపిన ఆస్పిరిన్, రక్తం పలచబరిచే ఇతర మందులు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా ఆయన్నే అడగండి.

అపోహ: గొట్టం తీశాక మూత్రం కారితే జీవితాంతం అంతే. మగతనం కూడా పోతుంది.

వాస్తవం: మొదట్లో మంట, తొందర, చుక్కలుగా కారడం చాలామందికి ఉంటాయి, వారాల్లో తగ్గుతాయి. గ్రంథిని పూర్తిగా తీసినవారికి నెలలు పట్టొచ్చు. కటి కండరాలను బిగించే కీగెల్ వ్యాయామాలు సాయపడతాయి, కానీ గొట్టం లోపల ఉండగా చేయకూడదు. టీయూఆర్‌పీ తర్వాత వీర్యం వెనక్కి, మూత్రాశయంలోకి వెళ్లడం సాధారణం. అంగస్తంభన చాలామందికి మునుపటిలాగే ఉంటుంది. క్యాన్సర్ ఆపరేషన్‌లో మాత్రం నరాలు దెబ్బతినే అవకాశం ఎక్కువ. ఆ సంగతి డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

నీళ్లు తాగుతున్నా రెండు మూడు గంటలుగా చుక్క దిగకపోయినా, కింది పొట్ట బిగుసుకుపోయినా, గడ్డలు పడుతున్నా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, గొట్టం ఊడి వచ్చినా అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్లండి. ఊడిన గొట్టాన్ని ఇంట్లో మళ్లీ పెట్టే ప్రయత్నం చేయకండి. డిశ్చార్జ్ రోజునే రెండు విషయాలు కాగితం మీద రాయించుకోండి: గొట్టం తీసే తేదీ, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు.