బళ్లారి మిషను - దేశీయ కాపరులు

బళ్లారి యనగానే మనకు నాటకరంగము స్ఫురించును. ధర్మవరము కృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు, రాఘవ - ఈ మువ్వురి పేరులతోడనే ఆ పట్టణము తెలుగువారికి ఆప్తమైనది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చి, తక్కినవి మైసూరునకు పోయినప్పుడు మనవారు పడిన వ్యథ యందరెరిగినదే. అయితే ఏ భాషవారికి ఏ భాషలో పెద్దరికము చెల్లవలెనను ప్రశ్న అంతకు నూరేండ్లకు పైబడిన కాలమున అచ్చటి యొక చిన్న క్రైస్తవ సంఘమునకును ఎదురైనది. ఆ వృత్తాంతమును మేము నేడు ముచ్చటింప దలచితిమి.

1810లో లండను మిషనరీ సంఘమువారి పక్షమున జాన్ హ్యాండ్సు బళ్లారి చేరెను. దత్తమండలములు కుంపిణీవారి వశమై అప్పటికి పదియేండ్లే. పేటలో కన్నడము, పరిసర పల్లెలలో కన్నడముతో బాటు తెలుగు, దండులో తమిళము వినవచ్చుచుండెను. మతము బోధింప వచ్చిన ఆ దొర ముందుగా తానే శిష్యుడు కావలసి వచ్చెను. మున్షీయెదుట కూర్చుండి కన్నడము నేర్చుట, పదముల పట్టికను తానే కూర్చుకొనుట, బడి నడుపుట, బైబిలును కన్నడించుట - ఇవి యాతని దినచర్య. హంపి ఉత్సవము వచ్చినచో అచ్చటికి పోయి జనులలో పుస్తకములు పంచుచుండెను. 1816లో విలియము రీవు తోడు వచ్చెను. వీరి కృషి వలన 1831 నాటికి కన్నడ బైబిలు పూర్తియైనది. రీవు కన్నడ నిఘంటువు కూడ కూర్చెను. కడపలో బ్రౌను దొర తెలుగునకు చేసిన సేవ మన కెట్లో, ఆ సీమవారికి రీవు పని అట్టిది. ఉపదేశకుని మరచి నిఘంటుకర్తను తలచుకొనుట మన దేశీయుల స్వభావము కాబోలు! మేము దానిని తప్పుపట్టజాలము.

గ్రంథమొక యెత్తు, మనుష్యుని తయారుచేయుట యొక యెత్తు. అప్పటి మిషనులలో ఉపదేశకులకు శిక్షణ మనగా చాలవరకు శుశ్రూషయే. దొర వెంట ఊరూర తిరుగవలెను, ఆయన మాటాడగా వినవలెను, పిమ్మట తాను మాటాడి దిద్దించుకొనవలెను. బళ్లారి ఇట్టివారికి ఒక పుట్టినిల్లయ్యెను. 1820లో జోసెఫ్ టేలరు బెళగాముకును, 1822లో విలియము హవెలు కడపకును అచ్చటినుండియే వెడలిరి. అయితే దొరతనపు ఛాయ యేమియు లేని దేశీయుడు కాపరియగుట వేరు మాట. ఆ స్థానము శామ్యూలు ఫ్లావెలునకు దక్కెను.

ఇతడు తమిళుడు. పూర్వనామము శంకరలింగము. దొరల యిండ్లలో నౌకరీ చేసినవాడు. దైవికముగా చేతికందిన క్రొత్తనిబంధన చదివి మతము మార్చుకొనెను. కొంతకాలము బెంగుళూరులో సంఘమును కాచి, 1827లో బళ్లారికి వచ్చెను. ఇరువదియేండ్లు అచ్చటనే పనిచేసి 1847లో విశూచికచే మృతినొందెను. నిన్నటివరకు వంటయింటి గుమ్మమున నిలిచిన వాడు నేడు వేదిక నెక్కి దేవుని మాట చెప్పుటయు, దొరలు వానిని తోటి కాపరిగా మన్నించుటయు ఆ కాలమున సామాన్యమైన సంగతి కాదు. మిషనువారి కన్నడ బైబిలు కంటెను ఈ యొక్క నియామకమే గొప్పదని మా యభిప్రాయము.

అయినను ఇందొక చిక్కు గలదు. కాపరి తమిళుడు, అచ్చుపడిన గ్రంథము కన్నడము, తెలుగు పల్లెవానికి ఆ రెండును పరాయివే. బళ్లారిలో పనిచేసిన వార్డ్‌లా దొర (ఆ పేరిట పాఠశాల యొకటి నేటికిని ఆ యూర గలదు) తరువాత విశాఖపట్టణమునకు పోయి, జాన్ హేతో కూడి తెలుగు బైబిలు పనిలో పాల్గొనెను. ఇది విచిత్రము: బళ్లారి సీమలోని తెలుగు పల్లెకు గ్రంథము కావలసియుండగా, ఆ పని సముద్రతీరమున జరుగుచుండెను.

ఇక పెత్తనము మాట. పుస్తకమును పంచి యిచ్చినంత సులువుగా దొరలు అధికారమును పంచి యీయలేదు. ఇది మన దేశమున మాత్రమే కాదు. ఆఫ్రికాలో నైజరు ప్రాంతపు శామ్యూలు క్రౌథరు 1864లో బిషప్పు కాగా, 1891లో ఆయన గతించిన వెనుక ఆ పీఠమును మరల ఐరోపావానికే కట్టబెట్టిరి. 1910లో ఎడింబరో మహాసభలో మన దక్షిణదేశీయుడైన అజరయ్య లేచి, మిషనరీలు మాకు ధనమును శ్రమను ఇచ్చినారు గాని స్నేహమును ఇంకను ఈయవలసియున్నదను భావమును నిర్మొగమాటముగా చెప్పెను. రెండేండ్లకు, 1912లో, ఆయనయే డోర్నకల్లునకు బిషప్పయ్యెను. తిరునెల్వేలి సీమనుండి వచ్చిన ఆ తమిళుడు తెలుగు నేర్చి, మాల మాదిగ పల్లెలలో తిరిగి, 1945 జనవరి 1వ తేదీన మరణించు వరకు తెలుగువారి నడుమనే యుండెను. 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘ మేర్పడుసరికి, ఫ్లావెలు బళ్లారిలో అడుగిడి నూట యిరువది యేండ్లు గడచినవి.